ఒకే పాట – పెక్కు పాఠాలు

తాటాకు ప్రతుల కాలంలో కావ్యం చేతి నుండి చేతికి, పాట గొంతు నుండి గొంతుకు సాగిపోయేటప్పుడు పాఠాంతరాలు పుట్టడం సహజం. వ్రాయసకాని పొరపాటు కొంత, గాయకుని మరపు కొంత, తెలియని మాటను తెలిసిన మాటగా దిద్దుకొనే చాపల్యం మరికొంత ఇందుకు కారణాలు. అందుచేతనే పరిష్కర్త ప్రతులన్నింటినీ ఎదుట పెట్టుకొని, కవిహృదయానికి దగ్గరగా ఉన్న పాఠమేదో నిర్ణయించడానికి శ్రమపడతాడు. అచ్చుయంత్రమూ, దాని తరువాత గ్రామఫోనూ వచ్చిన పిమ్మట ఈ చిక్కు తీరిపోవలసినది. అచ్చయిన మాట మారదు. రికార్డు మీద పడిన స్వరం చెదరదు. కాని జరిగినది వేరు. గ్రామఫోను యుగంలో పుట్టిన కొన్ని పాటలకు, కర్త బ్రతికి ఉండగానే, ఆయన కన్నుల ఎదుటనే, పాఠాంతరాలు ఒకదాని వెనుక ఒకటి బయలుదేరినవి. అవి పొరపాటున పుట్టినవి కావు. తెలిసి చేసిన మార్పులు. అటువంటి పాటలలో 'ఓల్ మ్యాన్ రివర్' అనే అమెరికన్ నాటకగీతం చరిత్ర విశేషించి పరిశీలింపదగినది. పేరుకు 'ముసలి నది' అని అర్థం. ఆ నది మిసిసిపీ.

మిసిసిపీ నదిపై రేవురేవునా ఆగి నాటకాలాడే పెద్ద పడవల జీవితాన్ని ఎడ్నా ఫెర్బర్ అనే రచయిత్రి 'షో బోట్' అనే నవలగా 1926లో ప్రకటించినది. జెరోమ్ కెర్న్ సంగీతం కూర్చగా, ఆస్కర్ హామర్‌స్టైన్ మాటలూ పాటలూ వ్రాయగా, ఆ నవల సంగీతనాటకమై 1927 డిసెంబరు 27న న్యూయార్క్ నగరంలోని జీగ్‌ఫెల్డ్ నాటకశాలలో తొలిసారి ప్రదర్శింపబడినది. అంతవరకు అక్కడి సంగీతనాటకం ఎక్కువగా వినోదప్రధానం. అందమైన దుస్తులు, హాస్యం, నృత్యం, వాటి నడుమ కథ పేరుకు మాత్రమే. 'షో బోట్' ఆ రంగస్థలం మీదికే వర్ణభేదాన్ని తీసుకొనివచ్చినది. నల్లజాతి రక్తం కొంత కలిగిన స్త్రీ తెల్లవానిని పెండ్లాడడం నేరమైన రాష్ట్రంలో, ఆ నేరం బయటపడి భార్యాభర్తలు పడవను విడిచిపోవలసి రావడం ఇందులోని ముఖ్యఘట్టం.

కథ సుమారు నలువది ఏండ్ల కాలాన్ని ఆక్రమించినది. పాత్రలు విడిపోతారు, ఊళ్లు మారుతాయి, తరాలు మారుతాయి. వీటన్నింటినీ ఒక త్రాటిపై నిలుపగలిగినది నది ఒక్కటే. అందువలన హామర్‌స్టైన్ నదిని గూర్చిన పాటను కల్పించి, జో అనే నల్లజాతి రేవుకూలీ నోట పెట్టినాడు. పత్తి బేళ్లు మోసి, పడవలు లాగి, దొర చూపు తనపై పడకుండ తల వంచుకొని బ్రతికే మనిషి ఆ జో. నదికి ఏదో తెలిసి ఉండాలి, కాని అది నోరు విప్పదు. మనుష్యుల శ్రమ, దుఃఖం దానికి పట్టవు. అది తన దారిన తాను పోతుంది. తనకు బ్రతుకు బరువైనది, చావన్నా భయమే అని జో చెప్పుకొంటాడు. ఆ నదివంటి నిశ్చింత తనకు కూడ ఉంటే బాగుండునని అతని కోరిక. ఇదీ మూలంలోని భావం.

కెర్న్ కూర్చిన వర్ణమెట్టు ఈ భావానికి తగినది. పల్లవిభాగం దాదాపు అంతా ఐదు స్వరాల మీదనే నడుస్తుంది. మన మోహనరాగం ఎరిగిన చెవికి ఆ స్వరాలు పరాయివిగా తోచవు. పాట మంద్రంలో మొదలై మెల్లగా పైకి ప్రాకి, చివరకు ఒకటిన్నర స్థాయిని మించిన ఎత్తుకు చేరుతుంది. సామాన్యగాయకునికి ఇది సులభం కాదు. నాటకంలో పడవను కీర్తించే ఉల్లాసగీతానికి ఆరంభంలో వచ్చే స్వరాలను తలక్రిందులు చేస్తే ఈ పాట ఎత్తుగడ వస్తుంది. పైన కులాసాగా సాగే పడవకూ, క్రింద దానిని మోసే నదికీ స్వరాలలోనే ఇట్లు సంబంధం కల్పింపబడినది. కెర్న్ వాయించగా మొదటిసారి విన్నప్పుడు తనకు రోమాంచమైనదని ఫెర్బర్ తరువాత తన స్వీయచరిత్రలో వ్రాసుకొన్నది. పెక్కుమంది దీనిని బానిసత్వకాలం నాటి జానపదగీతమనే భ్రమించినారు. నిజానికి దీని కర్తలిద్దరూ న్యూయార్క్ నగరంలో పుట్టిన తెల్లవారు. పాట రంగస్థలమెక్కిన ఆ 1927లోనే మిసిసిపీకి మహావరద వచ్చినది. లక్షలాది ప్రజలు ఇండ్లు విడిచినారు. కరకట్టల మీద నల్లజాతి కూలీలచేత తుపాకుల కాపలాలో నిర్బంధంగా పని చేయించినారు. నది మౌనం ఆ సంవత్సరం కవికల్పన మాత్రమే కాదు.

జో పాత్రను కర్తలు పాల్ రోబ్సన్ అనే నల్లజాతి గాయకుని మనసులో ఉంచుకొని వ్రాసినారు. నాటకం ఆలస్యమైనందున ఆయన తొలి ప్రదర్శనకు దొరకలేదు. జూల్స్ బ్లెడ్సో ఆ పాత్ర ధరించినాడు. రోబ్సన్ 1928లో లండన్ నగరంలోని డ్రూరీ లేన్ నాటకశాలలో జో అయినాడు. 1932లో న్యూయార్క్ పునఃప్రదర్శనలోను, 1936లో జేమ్స్ వేల్ దర్శకత్వం వహించిన చలనచిత్రంలోను మరల అదే పాత్ర ధరించినాడు. కాని అప్పటికే పాట నాటకాన్ని విడిచి రికార్డులలోనికి వెళ్లిపోయినది.

మొదటి రికార్డులలోనే ఒక వైరుధ్యం కనిపిస్తుంది. పాల్ వైట్‌మన్ వాద్యబృందం 1928 జనవరి 11న బింగ్ క్రాస్బీ గాత్రంతో ఈ పాటను రికార్డు చేసినది. అందులో నడక వేగమైనది. జంటలు చేతులు కలిపి నాట్యమాడడానికి వీలైనది. బిక్స్ బైడర్‌బెక్ వంటి జాజ్ వాద్యకారుడు అప్పుడు ఆ బృందంలో ఉన్నాడు. రెండు నెలలైనా నిండకముందే, 1928 మార్చి 1న, అదే బృందం రోబ్సన్ గాత్రంతో అదే పాటను మరల రికార్డు చేసినది. ఈసారి నడక చౌకకాలం, వెనుక బృందగానం, ముందు రోబ్సన్ మంద్రగాత్రం. బృందం ఒకటే, స్వరాలు ఒకటే, మాటలు దాదాపు ఒకటే. అయినా ఒకటి నృత్యం, ఒకటి విలాపం. కాలప్రమాణం మారినంత మాత్రాన అర్థం ఎంత దూరం జరుగగలదో చూపడానికి ఈ రెండు రికార్డులు చాలును.

తరువాత మాటలు మారడం మొదలైనది. నాటకంలో బృందగానం ఆరంభమయ్యే మొదటి మాటయే నల్లజాతివారిని తూలనాడే మాట. 1927 నాటి ప్రేక్షకులు దానిని విని ఊరుకొన్నారు. 1936 చలనచిత్రంలో దాని స్థానంలో కొంత మెత్తనిదైనా చిన్నచూపు తొలగని మరొక మాట చేరినది. 1946 పునఃప్రదర్శనలో, ఆనాటికి మర్యాదగా భావింపబడిన 'రంగుజాతి జనులు' అనే అర్థంగల మాట వచ్చినది. అదే సంవత్సరం కెర్న్ జీవితాన్ని ఆధారం చేసుకొని తీసిన చలనచిత్రంలో, ఇక్కడ అందరమూ పనిచేస్తామనే అర్థం వచ్చేటట్లు వాక్యాన్నే సవరించినారు. ఆ చిత్రం చివర ఫ్రాంక్ సినాట్రా తెల్లని దుస్తులు ధరించి, తెల్లని వేదిక మీద నిలిచి ఈ పాట పాడినాడు.

ఈ సవరణల క్రమం గమనింపదగినది. ప్రతి అడుగులోను నింద తగ్గినది, మర్యాద పెరిగినది. కాని చివరి అడుగుకు వచ్చేసరికి నిందతోపాటు నిజం కూడ తొలగిపోయినది. పనిచేసేవారు ఒకరు, కూర్చుండేవారు మరొకరు అన్నదే జో ఫిర్యాదు. అందరమూ పనిచేస్తామన్న తరువాత ఫిర్యాదు చేయడానికి మిగిలినదేమి? మాటలోని మాలిన్యం కడుగబోయి పాటలోని మనిషినే కడిగివేసినట్లయినది. అవమానకరమైన మాటను అట్లే ఉంచడమా, దానిని తీసివేసి అవమానం జరిగిన సంగతినే మరుగుపరచడమా అన్న ప్రశ్నకు ఆ సవరణకర్తల వద్ద సమాధానం లేదు.

దానికి మూడవ మార్గం చూపినవాడు రోబ్సన్. ఆయన 1898లో జన్మించినాడు. తండ్రి బానిసగా పుట్టి, బాల్యం దాటగానే తప్పించుకొని పారిపోయినవాడు. కొడుకు కొలంబియా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రపట్టం పుచ్చుకొని కూడ ఆ వృత్తిలో నిలువలేక నటుడు, గాయకుడు అయినాడు. లండన్‌లో నివసించిన కాలంలో ఆయనకు వేల్స్ గని కార్మికులతో స్నేహం కలిగినది. ఆఫ్రికా భాషలు అభ్యసించినాడు. 1938లో అంతర్యుద్ధంలో ఉన్న స్పెయిన్‌కు పోయి గణతంత్రపక్షం సైనికుల ఎదుట పాడినాడు. ఆ దినాల నుండి ఆయన కచేరీలలో ఈ పాట మారిపోయినది. ఆరంభంలో ఆ ముసలి నదివలె ఉండాలని కోరే మాట, ఆ నదివలె ఉండగోరననే మాట అయినది. త్రాగి చెరసాల పాలయ్యే కూలీ, కొంచెం ధైర్యం చూపినందుకు చెరసాల పాలయ్యే కూలీ అయినాడు. విసుగును, మరణభయాన్ని చెప్పుకొనే చివరి వాక్యం, చనిపోయేదాక పోరాడక తప్పదనే ప్రతిజ్ఞ అయినది. రాగం తాకలేదు, తాళం తాకలేదు. మార్చిన మాటలను వ్రేళ్లమీద లెక్కపెట్టవచ్చును. అయినా పాట ముఖం ఈ దిక్కు నుండి ఆ దిక్కుకు తిరిగినది. నది ఆదర్శం కాదు. దాని నిర్లక్ష్యమే ఎదిరింపవలసిన వస్తువు.

హామర్‌స్టైన్ ఈ మార్పులను సమ్మతించలేదు. తన మాటలను మార్చే అధికారం ఇతరులకు లేదని, కావలసిన పాటలు రోబ్సన్ తానే వ్రాసుకొనవచ్చునని ఆయన అభిప్రాయం. దీనిని బట్టి ఆయనను వర్ణవివక్షకు పక్షపాతి అనుకొనడం న్యాయం కాదు. జాతిద్వేషం పుట్టుకతో రాదని, పెద్దలు పిల్లలకు నేర్పేదని చెప్పే పాటను 1949లో 'సౌత్ పసిఫిక్' నాటకంలో పెట్టి, దానిని తొలగింపుమన్నవారికి లొంగనివాడు ఆయనే. ఆయన వాదానికి బలం లేకపోలేదు. జో నాటకంలోని పాత్ర. పందొమ్మిదవ శతాబ్దపు కూలీ. అతని నోట పోరాటప్రతిజ్ఞ పలికిస్తే పాత్రౌచిత్యం చెడుతుంది. నిరాశను నిరాశగా చూపడం కూడ సత్యం చెప్పడమే. అయితే రోబ్సన్ కచేరీ వేదిక మీద జో కాడు. బానిస కుమారుడైన పాల్ రోబ్సన్. నాటకంలో ఔచిత్యమైన మాట ఆయన సొంత నోట అనౌచిత్యం కావచ్చును. ఒకరు పాత్రకు బాధ్యుడు, ఒకరు తనకు బాధ్యుడు. ఇద్దరి తగవులో ఎవరిది న్యాయమని ఒక్క మాటలో తేల్చడం కష్టం.

రోబ్సన్ ఆ మాటలకు మూల్యం చెల్లించినాడు. 1950లో అమెరికా ప్రభుత్వం ఆయన పాస్‌పోర్టును రద్దు చేసినది. 1952 మే 18న, కెనడాలోనికి అడుగుపెట్టనీయనందున, సరిహద్దుకు ఇవతల లారీ మీద నిలిచి, అవతల గుమిగూడిన కెనడా శ్రామికులకు వినిపించేటట్లు పాడినాడు. పాడినవాటిలో ఈ పాట ఒకటి. 1958 ఏప్రిల్‌లో ఆయన అరువదవ జన్మదినం భారతదేశంలో జరిగినప్పుడు జవహర్‌లాల్ నెహ్రూ దానిని మనసారా అభినందించినాడు. ఆ సంవత్సరమే పాస్‌పోర్టు తిరిగి లభించినది. 1960 నవంబరులో సిడ్నీలో సంగీతశాల కట్టడం సగంలో ఉండగా, అక్కడి పనివారి నడుమ నిలిచి ఆయన ఈ పాట పాడినాడు. కట్టుబడి పూర్తి కాని ఆ మహాసంగీతశాలలో మొదటి శ్రోతలు దానిని కట్టే కూలీలే.

ఇంతలో పాట జాజ్ వాద్యకారుల చేతులలో మాటలనే విడిచినది. జాజ్ సంప్రదాయంలో నాటకగీతం ఒక ఆధారం మాత్రమే. మనోధర్మంతో దానిని పెంచి, విరిచి, తిరిగి కూర్చడం వాద్యకారుని పని. డేవ్ బ్రూబెక్ బృందం 1959లో చేసిన రికార్డులో ఈ పాటను నడిపినది యూజీన్ రైట్ వాయించిన డబుల్ బేస్. జో మంద్రగాత్రం మంద్రవాద్యంలోనికి దిగినదన్నమాట. ఆ నలుగురిలో రైట్ ఒక్కడే నల్లజాతివాడు. 1958లో ఆ బృందాన్ని అమెరికా ప్రభుత్వమే తన దేశపు కళాస్వాతంత్ర్యానికి నిదర్శనంగా భారతదేశంతో సహా పలుదేశాలకు పంపినది. 1960లో స్వదేశంలోని దక్షిణరాష్ట్రాల కళాశాలలు పెక్కు, రైట్ ఉన్నందువలన ఆ బృందం కచేరీలను రద్దు చేసినవి. మాటలు తీసివేసినా పాటలోని సంగతి ఎక్కడికీ పోలేదు.

1963లో సినాట్రా నెల్సన్ రిడిల్ వాద్యసమ్మేళనంతో దీనిని మరల రికార్డు చేసినాడు; 1946 నాటి ఆడంబరం పోయి, గాత్రం గంభీరమైనది. అదే సంవత్సరం రే చార్ల్స్ పెద్ద గాయకబృందంతో దీనిని దాదాపు ప్రార్థనాగీతంగా మార్చినాడు. 1964 ఫిబ్రవరిలో ఆల్బర్ట్ ఐలర్ తన శాక్సఫోన్‌పై నల్లజాతి ప్రాచీన భక్తిగీతాలను రికార్డు చేస్తూ వాటి సరసన ఈ పాటను కూడ వాయించినాడు. ఇద్దరు తెల్లవారు నల్లజాతి భక్తిగీతాన్ని అనుకరించి కూర్చిన పాట, ముప్పదియారేండ్లు తిరిగేసరికి నల్లజాతి కళాకారుని చేతులమీదుగా ఆ భక్తిగీతాల పంక్తిలోనికే చేరినది.

పరిష్కర్తలు కూడ రాకపోలేదు. 1988లో జాన్ మెక్‌గ్లిన్ 'షో బోట్' నాటకాన్ని 1927 నాటి మూలపాఠంతో సంపూర్ణంగా రికార్డు చేసినాడు. మొదటి మాటను కూడ మూలంలో ఉన్నట్లే ఉంచవలెనని ఆయన పట్టుదల. శాస్త్రదృష్టితో అది సమంజసమే. నాటకం ఆ అవమానాన్ని చూపడానికే పుట్టినదన్న వాదమూ ఉన్నది. కాని ఆ మాట పలుకవలసిన బృందంలోని నల్లజాతి గాయకులు తప్పుకొన్నారు. వేరొక బృందం చేత పాడించవలసి వచ్చినది. జో పాత్రను మాత్రం నల్లజాతి గాయకుడైన బ్రూస్ హబ్బర్డ్ ఆలోచించి అంగీకరించి పాడినాడు. తాళపత్రానికి గొంతు లేదు. అందులోని ఏ పాఠాన్నైనా పరిష్కర్త నిర్భయంగా నిలుపవచ్చును. పాట పాఠాన్ని నిర్ణయించేటప్పుడు పలుకవలసిన గొంతును కూడ అడుగవలసి ఉంటుంది.

ఈ పాట భారతదేశానికి వచ్చిన తీరు మరింత విశేషమైనది. అస్సామీ కవిగాయకుడు భూపేన్ హజారికా (1926–2011) రోబ్సన్ చదివిన కొలంబియా విశ్వవిద్యాలయంలోనే చదివి 1952లో డాక్టరేటు పొందినాడు. న్యూయార్క్‌లో ఉన్న ఆ కాలంలో ఆయనకు రోబ్సన్‌తో పరిచయం కలిగినది. గాయకుడు దేశం దాటలేని దినాలవి. పాట మాత్రం హజారికాతో బయలుదేరి బ్రహ్మపుత్ర ఒడ్డుకు చేరినది. అస్సామీలో ఆయన వ్రాసిన 'బిస్తీర్ణ పారొరే' అనే గీతం కేవలం అనువాదం కాదు. అందులోని నది లుయిత్. పురాణాలలోని లౌహిత్యమే బ్రహ్మపుత్రకు అక్కడి జనుల నోట ఆ పేరైనది. హజారికా ఆ ముసలి లుయిత్‌ను నిలదీసి అడుగుతాడు: విశాలమైన తీరాలలో లెక్కలేనన్ని జనుల హాహాకారం వింటూ కూడ, పలుకక ఉలుకక ఎట్లు పారగలుగుతున్నావని. తరువాత శివదాస్ బందోపాధ్యాయ బెంగాలీలోను, పండిత నరేంద్ర శర్మ హిందీలోను దీనికి రూపాలు కల్పించగా లుయిత్ స్థానంలో గంగ వచ్చినది. గంగ రాగానే మహాభారతం కూడ వచ్చినది. హిందీపాఠంలో కవి గంగను భీష్మజననిగా సంబోధించి, అటువంటి కుమారులను మరల ఎందుకు కనవని ప్రశ్నిస్తాడు. మిసిసిపీ రేవులో పత్తి బేళ్ల నడుమ పుట్టిన భావం కురుక్షేత్రం దాకా నడచివచ్చినది.

ఈ చరిత్రనంతటినీ ఒక్కచోట చేర్చి చూస్తే మూడు నదులు కనిపిస్తాయి. హామర్‌స్టైన్ నది తెలిసికూడ పలుకదు. దాని మౌనం జోకు అందని శాంతి. రోబ్సన్ నది మౌనం శాంతి కాదు, నిర్లక్ష్యం. మనిషి దానివలె ఉండరాదు. హజారికా నది మౌనం అపరాధం. దానికి నది సంజాయిషీ చెప్పుకొనవలె. మొదటి కవి నదిని చూచి అసూయపడినాడు. రెండవ గాయకుడు దాని నుండి ముఖం త్రిప్పుకొన్నాడు. మూడవవాడు దానిని సాక్షిస్థానం నుండి దించి ముద్దాయిని చేసినాడు. మొదటివాడు తన పాఠాన్ని మార్చరాదని పట్టుపట్టినాడు గాని, ఆ పాఠం అంత గట్టిగా ఉన్నందుననే తక్కిన ఇద్దరికీ ఎదురు చెప్పడానికి ఆధారం దొరికినది.

పరిష్కర్త ఈ పాఠాలలో ఒకదానిని మూలమని నిర్ణయించవచ్చును. 1927 డిసెంబరు నాటి ప్రతి ఉండనే ఉన్నది. కాని రోబ్సన్ సరిహద్దులో నిలిచి పాడిన పాఠాన్ని పాఠదోషమని అట్టడుగు పీఠికలోనికి త్రోయడానికి ఏ పరిష్కర్తకు చేయి వస్తుంది?